స్టెన్సిల్ రేకు గారికి ఒక ప్రహరీ గోడ యజమాని రాయు బహిరంగ లేఖ

తెనాలి.

మహారాజశ్రీ స్టెన్సిల్ రేకు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేను, ఇంటావిడ, పిల్లలు. ప్రహరీ గోడను ఈ లెక్కలో కలపలేదు. దాని క్షేమం నాకంటే తమరికే బాగా తెలుసు. తమరు అర్ధరాత్రి దాటాక వచ్చి చూసి వెళ్తారు. నేను తెల్లారి పాల ప్యాకెట్టు కోసం గేటు తీసినప్పుడు చూస్తాను.

తమరికి చదవడం వచ్చా రాదా అని నేను సందేహించలేదు. ఊరూరా ఇంత రాస్తున్నవారిని అలా అనుమానించడం మర్యాద కాదు. కాకపోతే ఒక్క వాక్యం మాత్రం తమ కంటికి ఆనడం లేదు. 'ఈ గోడపై ప్రకటనలు రాయరాదు' అన్నదే ఆ వాక్యం. చిత్రమేమిటంటే దాన్ని రాసింది తమరే. ఆర్టిస్టు చేత రేకు కోయించింది నేను, రంగు కొనిపెట్టింది నేను, నిచ్చెన పట్టుకుని నిలబడింది నేను. కొన్నాళ్లకే ఆ వాక్యం కింద, అదే ఎరుపులో, 'బోర్లు వేయబడును' అని ఫోన్ నంబరుతో సహా వెలిసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఇప్పుడు వివరించే పని లేదు. గేటు దాకా తీసుకెళ్లి చూపిస్తున్నాను.

అయినా ముందుగా తమరి పెద్దరికానికి చెల్లించాల్సిన గౌరవం చెల్లిస్తాను. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో, ఒక గుహలో, రాతి మీద చెయ్యి ఆన్చి, చుట్టూ రంగు ఊది, చెయ్యి తీసేసిన మనిషి ఎవరో ఉన్నారు. ఆ ముద్ర కనీసం 39,900 ఏళ్ల నాటిదని 2014లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అడ్డు పెట్టడం, రంగు కొట్టడం, అడ్డు తీసేయడం. తమరి విద్య మొత్తం అప్పటికే అక్కడ పూర్తయింది. రేకు బదులు చెయ్యి, అంతే తేడా. తాను ఉన్నానన్న సంగతి ఆ మనిషి రాతికి చెప్పుకున్నాడు. అంత గొప్ప వంశంలో పుట్టి తమరు మా వీధికి చెబుతున్నదేమిటి? 'మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం'.

మేము తమరికి చేసిన మర్యాదల్లో లోపమేమైనా ఉందా? రైసుమిల్లులో గోనె సంచికి మార్కా వేసే ఉద్యోగం తమరికే ఇచ్చాం. గుంటూరు యార్డుకొచ్చే మిర్చి టిక్కీల మీద తమరే. గూడ్సు బండి డబ్బాల మీద నంబర్లు తమరివే. తమరి తమ్ముడుగారు మైనపు కాగితం అవతారంలో సైక్లోస్టైల్ మిషనెక్కితే ఆయన్నీ ఆదరించాం. పరీక్ష ప్రశ్నపత్రాలు, సంఘాల కరపత్రాలు, చేతుల మీదుగా రహస్యంగా తిరిగిన విప్లవ పత్రికలు అన్నీ ఆయనగారి చలవే. 1958లో మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక ఇళ్ల గోడల మీద గడుల పట్టికలు వెలిశాయి. జ్వరాలు కనుక్కోవడానికి పక్షానికోసారి వచ్చే ఉద్యోగి తాను వచ్చిన తేదీని అందులో వేసి పోవాలి. వచ్చాడో రాలేదో గోడే సాక్ష్యం చెప్పేది. అలాంటి రాతల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 1960ల చివర కుటుంబ నియంత్రణ వాళ్ల ఎర్ర త్రికోణం వచ్చింది. మూడు కోతలతో రేకు తయారు, చదువు రానివాళ్లకు కూడా సంగతి బోధపడేది. అదీ తమరి ప్రతిభే. ఒప్పుకుంటున్నాను.

తమరి ఒంటికి కావలసిన సామాను కూడా మా ఇళ్లలోంచే వెళ్లింది. కిరసనాయిలు డబ్బా విప్పి చదును చేసి ఇచ్చాం. డాక్టరు చూసి పక్కన పడేసిన ఎక్స్‌రే ఫిల్ములు ఇచ్చాం. ఆర్టిస్టులకు ఆ ఫిల్మంటే ప్రాణం. తడికి నానదు, బ్లేడుకు తెగుతుంది, తుడిస్తే రంగు పోతుంది. అలా ఊళ్లో ఎవరి పక్కటెముకల సందులోంచో ఎవరిదో ఎన్నికల గుర్తు గోడకెక్కేది. మనిషి ఛాతీ కోసి ఇచ్చినా తమరికి విశ్వాసం లేకపోయింది.

ఇక ఫిర్యాదులకు వస్తాను.

మొదటిది అక్షరాల సంగతి. తెలుగు అక్షరం గుండ్రటిది, ఆ సంగతి తెలిసే తమరు ఈ దేశానికి వచ్చారు. రేకులో సున్నను చుట్టూ కోస్తే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది. గోడ మీద సున్న బదులు నిండు చుక్క మిగులుతుంది. అందుకని అటొక అతుకు, ఇటొక అతుకు వదలాలి. ర, ఠ, వ, మ అన్నింటి కడుపులోనూ ఇదే తంటా. ఫలితం చూడండి. 'సంప్రదించండి' అన్న ఒక్క మాటలో మూడు సున్నలున్నాయి. మా గోడ మీద అవి ఆరు అర్ధచంద్రులు. కింద ఫోన్ నంబరులో ఎనిమిది నడుము విరిగి మూడులా కనిపిస్తుంది. ఆ నంబరుకు ఫోన్ చేసినవాడికి బోరు మనిషి దొరికాడో, పాపం ఇంకెవరు దొరికారో.

రెండోది ఆర్టిస్టుల సంగతి. బ్రష్షు పట్టినవాడు ఆ సున్నను మణికట్టు ఒక్కసారి తిప్పి పూర్తి చేసేవాడు. కొట్టు బోర్డయినా, గోడ రాతయినా, సినిమా పేరయినా, తలకట్టు ఎగిరిన తీరు చూసి ఇది ఫలానా ఆర్టిస్టు చెయ్యి అని ఊరు గుర్తుపట్టేది. ఒకరు బాపు వంపు పట్టుకుంటే ఇంకొకరు దానికి నీడలు పెట్టేవారు. పని అయ్యాక మూలన చిన్న అక్షరాల్లో తన పేరు రాసుకునేవాడు. అది పొగరు కాదు, పూచీ. తప్పు రాస్తే మర్నాడు నిలదీయడానికి ఒక మనిషి ఉన్నాడని అర్థం. తమరి రాతకు మూలన పేరుండదు. తమరి అక్షరానికి ఊరు కూడా లేదు, తెనాలిలో ఎలా ఉందో తాండూరులోనూ అలాగే ఉంటుంది. పది గోడలు రాసే కూలి మిగులుతుందని మోజుపడి జనం తమరిని పిలిచారు. రెండు వేల దశకంలో ఫ్లెక్సీ వచ్చి ఇద్దరినీ తోసేసింది. ఆర్టిస్టు మర్యాదగా బ్రష్షులు కడుక్కుని ఇంటికి వెళ్లాడు. తమరు మాత్రం వెళ్లలేదు.

మూడోది ఎన్నికల సంగతి. 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు చదవలేని ఓటర్లే ఎక్కువ కనుక పార్టీలకు గుర్తులిచ్చారు. అప్పటినుంచీ తమరికి పండగే. కాడెద్దులు, కంకి కొడవలి, దీపం, ఆవూ దూడా, సుత్తి కొడవలి నక్షత్రం. కోతగాడి కన్నుతో చూస్తే వీటిలో తేడాలున్నాయి. కొడవలికి కడుపు లేదు, కోసేయొచ్చు. ఆవూ దూడా కాళ్ల దగ్గర కలిసిపోతాయి. 1983 ఎన్నికల్లో వచ్చిన సైకిలుకు రెండు చక్రాలు, రెండూ పెద్ద సున్నలే. కానీ పుల్లలే అతుకులుగా పనికొచ్చాయి గనక తమరికి కష్టం తెలియలేదు. అన్నింటికంటే తేలిక 1978లో ఇందిరా కాంగ్రెస్ తెచ్చుకున్న చెయ్యి. గుహలో మొదలుపెట్టిన బొమ్మ దగ్గరికే తమరు తిరిగొచ్చారు. ఒక్కటే తేడా. గుహలో ముద్ర వేసినవాడు తన చెయ్యి తాను పెట్టాడు.

గుర్తు మీద గుర్తు, దాని మీద వెల్ల, వెల్ల ఆరకముందే మళ్లీ గుర్తు. యజమాని అనుమతి లేకుండా ప్రహరీ గోడల మీద నినాదాలు రాయరాదని ఎన్నికల నియమావళి చెబుతూనే ఉంది. 1990లో శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనరుగా వచ్చి దాన్ని గట్టిగా అమలు చేస్తే గోడలకు కాస్త ఊపిరాడింది. బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని అడ్డుకోవడానికి ఆంధ్రప్రదేశ్ 1997లో ప్రత్యేకంగా చట్టమే చేసింది. ఇవన్నీ చేతివ్రాత ఉన్నవాళ్లకు. తమరికి చేతివ్రాత లేదు. ఏ ఇనస్పెక్టరూ అక్షరం పోల్చి చూసి తమరిని ఠాణాకు పిలవలేడు.

నాలుగో ఫిర్యాదు, నిజానికి ఈ లేఖ రాయించిన ఫిర్యాదు, పొరుగూళ్లలో తమరి ప్రవర్తన.

మా దగ్గర మొలల వైద్యం తప్ప నోరు విప్పని తమరు అక్కడ ఎన్ని మాటలు మాట్లాడారో చదివి తెలుసుకున్నాను. 1966లో దక్షిణ ఫ్రాన్సులోని ఆల్బియన్ పీఠభూమిలో అణు క్షిపణులు పెడుతుంటే, ఎర్నెస్ట్ పిన్యోన్ ఎర్నెస్ట్ అనే చిత్రకారుడి వెంట తమరు వెళ్లారు. హిరోషిమాలో బాంబు వెలుగుకు గోడకు అంటుకుపోయిన మనిషి నీడను అక్కడి రాళ్ల మీద, గోడల మీద దించారు. ఒక్క అక్షరం లేదు, నీడ చాలింది. 1981లో బ్లెక్ లె రా అనే కుర్రాడి చేత పారిస్ నిండా ఎలుకలు వేయించారు. చిన్నప్పుడు ఇటలీలో ఏదో గోడ మీద మిగిలిపోయిన ముస్సోలినీ ముఖం స్టెన్సిల్ చూసి అతనికి ఈ ఆలోచన వచ్చిందట. అంటే నియంతకు ఊడిగం చేసిన చేత్తోనే ఎలుకలు వేసేవాడికీ సాయం చేశారన్నమాట. 1991లో అతన్ని గోడలు పాడుచేసిన నేరం కింద కోర్టుకు లాగితే, ఆ తరువాత ఇంట్లోనే కాగితం మీద వేసుకొచ్చి అంటించడం మొదలుపెట్టాడు. కోర్టుకెక్కింది అతను. తమరిని ఎవరూ పిలవలేదు, అక్కడ కూడా.

పారిస్ అంటే రాజధాని, పోనివ్వండి. 1982లో తూర్ అనే చిన్న నగరానికి వెళ్లారు. మా తెనాలి లాగే రాజధాని హోరులో పేరు వినిపించని ఊరు. జెఫ్ ఏరోసోల్ అనే వీధి చిత్రకారుడు తన మొదటి స్టెన్సిల్ అక్కడి గోడ మీదే కొట్టాడు. ఇంగ్లండులో బ్రిస్టల్ సంగతి సరేసరి. పోలీసుల నుంచి దాక్కుని లారీ కింద పడుకుని, దాని ట్యాంకు మీద స్టెన్సిల్ అక్షరాలు చూశాకే తనకు దారి దొరికిందని బ్యాంక్సీ అనే వీధి చిత్రకారుడు చెప్పుకున్నాడు. బొమ్మను ఇంట్లో తాపీగా కోసుకోవచ్చు, గోడ దగ్గర క్షణాల్లో కొట్టి పారిపోవచ్చు. దొరికిపోయే కుర్రాడికి తమరు ఇచ్చిన వరం అది. 2006లో ఆ ఊళ్లో బ్యాంక్సీ వేసిన, కిటికీకి వేలాడే దిగంబరుడి బొమ్మ వెలిస్తే నగరపాలక సంస్థ దాన్ని చెరిపేయకుండా జనాన్ని అడిగింది. అభిప్రాయం చెప్పినవాళ్లలో 97 శాతం ఉంచమన్నారు. 2009లో ఆ ఊరి మ్యూజియంలోనే అతని ప్రదర్శన పెడితే మూడు లక్షలమందికి పైగా వచ్చారు. ఒక్కసారి ఆలోచించండి. గోడ మీద రాత ఉంచాలా తీసేయాలా అని ఒక మునిసిపాలిటీ ప్రజల్ని అడిగిందట. మా ఊళ్లో గోడ యజమానినే ఎవరూ అడగరు.

వేల్సులోని పోర్ట్ టాల్బట్ సంగతి చదివినప్పుడు మాత్రం నాకు తోటి బాధితుడు దొరికినట్టయింది. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు. 2018 డిసెంబరులో ఒక కార్మికుడి కారు షెడ్డు గోడ మీద తమరు బ్యాంక్సీ చేత ఒక పిల్లవాణ్ని వేయించారు. నాలుక చాపి మంచు పట్టుకుంటున్నాడు. మూల తిరిగి రెండో వైపు చూస్తే అది మంచు కాదు, తగలబడుతున్న చెత్తకుండీ బూడిద. ఆ ఊరి గాలి గురించి అందరూ అనుకునే మాటను ఒక్క బొమ్మతో చెప్పేశారు. చూడ్డానికి జనం విరగబడితే, పాపం ఆ కార్మికుడు ఊపిరాడక చివరికి గోడను అమ్ముకోవాల్సి వచ్చింది. అయినా ఆయన్ను చూసి నాకు కుళ్లే. ఆయన గోడకు వచ్చింది ఊరి బాధ. నా గోడకు వచ్చింది 'తాకట్టు లేకుండా అప్పులు ఇవ్వబడును'.

ఈ దేశంలో తమరికి మాట్లాడటం చేతకాదని కూడా అనలేను. నక్సల్బరీ రోజుల్లో కలకత్తా గోడల నిండా మావో ముఖం వేసింది తమరే. మన విశ్వవిద్యాలయాల గోడల మీద భగత్ సింగ్‌ను వేసిందీ తమరే. ఒక టోపీ, ఒక మీసం, అంతే, లోపల వివరమేదీ అక్కర్లేకుండా మనిషి నిలబడతాడు. అంబేడ్కర్ గారి కళ్లజోడూ అంతే. హాస్టలు కుర్రాళ్ల దగ్గర డబ్బుల్లేవు, కంపాస్ బాక్సులో బ్లేడుంది, అట్ట ముక్క ఉంది. ఆ రోజున తమరు వాళ్ల పక్షాన నిలబడ్డారు. ఆ తమరూ ఈ తమరూ ఒకరేనా?

నా ఆక్రోశమల్లా ఇదే. డబ్బున్నవాడికి పేపరుంది, టీవీ ఉంది, నాలుగు రోడ్ల కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ ఉంది. ఏమీ లేనివాడికి మిగిలింది ఒక అట్ట ముక్క, ఒక రంగు డబ్బా, ఎవరిదో గోడ. పేదవాడి అచ్చాఫీసు తమరు. దాన్ని తీసుకెళ్లి బోర్ల వాళ్లకు, అప్పుల వాళ్లకు, కోచింగుల వాళ్లకు రాసిచ్చేశారు. మా ఊరి కాలవ కంపు కొడుతోందని ఒక్క గోడ మీద ఒక్క ముక్కు మూసుకున్న బొమ్మ వేశారా? వేసవిలో కుళాయి దగ్గర బిందెల వరస వేశారా? ఊళ్లు శుభ్రంగా ఉంచమని గాంధీగారి కళ్లజోడు మాత్రం వేశారు. గోడలు పాడుచేయవద్దని చెప్పడానికి గోడకు రంగు పూసే చాతుర్యం తమరికే చెల్లింది.

ఐదో ఫిర్యాదు చిన్నది, ఇంటావిడ రాయమన్నది. గేటు బయట చేసింది చాలక గేటు లోపలికీ వచ్చారు. సంక్రాంతికి బజార్లో అమ్మే ప్లాస్టిక్ ముగ్గు అచ్చులు తమరి సంతానమేనని మాకు తెలుసు. ముగ్గు పోసి ఒక్కసారి విదిలిస్తే పువ్వు, ఇంకోసారి విదిలిస్తే నెమలి. వీధిలో అన్ని వాకిళ్లలోనూ ఒకే నెమలి, ఒకే వైపు చూస్తోంది. చుక్కలు లెక్కపెట్టి, గీత ఎక్కడ మొదలెట్టిందో అక్కడికే తెచ్చి కలిపే చెయ్యి ఈ వీధిలో ఇంటావిడది ఒక్కటే అని, ఆ మాట తమరికి తెలియజేయమని ఆమె ఆజ్ఞ.

కాబట్టి ఇకమీదట మా గోడకు దయచేయదలిస్తే ఈ షరతులు చిత్తగించవలసింది. పగలు రండి, గంట కొట్టండి. మూలన పేరు రాయండి. పేరు చెబితే ప్రమాదమున్న మాటైతే రాయకండి, అది నేనూ అర్థం చేసుకోగలను. చెప్పుకోవడానికి ఇంకో చోటు లేనివాడి మాట తెస్తే గేటు పక్క భాగం తమరిదే, నిచ్చెన మళ్లీ నేనే పట్టుకుంటాను. బోర్లు, మొలలు, అప్పులు తెస్తే వెల్ల ఖర్చు తమరి ఖాతాలో రాస్తాను.

ఈ లేఖ చదువుతున్న కుర్రాళ్లలో బ్లేడు పట్టడం తెలిసినవాళ్లుంటే వాళ్లకూ ఒక మాట. ఇతరుల గోడ మీద అడక్కుండా రాస్తే నేరం. ఎవరినీ అడక్కుండానే మా గోడలు నిండిపోయాయి గనక, అడిగి వచ్చే మొదటివాణ్ని కాదనే యజమాని ఈ వీధిలో ఎవరూ లేరు. ముందు అడగండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ప్రహరీ గోడ యజమాని